ఓడ కడుపులో కాపలా

మిలానులో రాత్రి బండి ఎక్కగానే నేను చేసే మొదటి పని, నా సంచీ పట్టీని మణికట్టుకు చుట్టుకోవడం. దక్షిణానికి పోయే బండిలో సామాను పోతే తప్పు దొంగది కాదు, నిద్రపోయినవాడిది. ఈ ముక్క నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. ఆ తరవాత ఏం నేర్చుకున్నా మోకాళ్ళ మీద నేర్చుకున్నదే. చలువరాయి పరిచే పని నాది. మిలానులో గొప్పవాళ్ళ ఇళ్ళలో నేలలన్నీ అద్దాల్లా మెరిసేలా పరిచాను. పని ముగిసిన రోజున ఆ ఇంటివాళ్ళే నన్ను బూట్లు విప్పి చేత్తో పట్టుకుని పనివాళ్ళ మెట్ల మీదుగా దిగిపొమ్మనేవారు. నేను వేసిన నేల మీద నేను నడిస్తే మాసిపోతుందట. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. సిసిలీ దీవిలో, అవొలాలో, మా బావ బాదంపప్పు గోదాములో తూకం దగ్గర కూర్చునే పని ఉందన్నాడు. అతగాడి దయ మీద బతకడానికి పోతున్నాను.

మాది నాలుగు పడకల గది. పైన ఒక బెర్తు ఖాళీ. రెండో దాని మీద లెతేరియో అనే ఆయన, మెస్సీనా వాడు. ఓడల్లో వంట చేసి చేసి రిటైరయ్యాడట. నోరు ఒక్క క్షణం మూతపడదు. కింద నాకెదురుగా అగ్రిప్పినా అనే పెద్దావిడ. నల్లటి గౌను, బిగించి కట్టిన జడముడి. ఒక అట్టపెట్టెలాంటి సూటుకేసు, దుప్పటి చుట్టి తాడుతో కట్టిన ఒక చెక్కపెట్టె ఆమె సామాను. చెక్కపెట్టెను బెర్తు కిందికి తోయమని అడిగింది. ఎత్తబోతే నడుం కలుక్కుమంది.

“ఇందులో ఏంటి పెద్దమ్మా, మీ ఆయన్ని పెట్టావా?” అన్నాడు లెతేరియో పైనుంచి తల వేలాడదీసి.

“ఆయనకి ఇంత బరువెక్కడిది నాయనా! కుట్టుమిషను. ఇన్నేళ్ళూ నాకు తిండి పెట్టింది ఇదే. ఆయన పెట్టలేదు.”

బోగీ చూసుకునే అటెండరు వచ్చి దుప్పట్ల పొట్లాలూ నీళ్ళసీసాలూ ఇచ్చి, లోపల గడియ వేసుకోమని చెప్పి పోయాడు. బండి కదిలింది. కిటికీలో మిలాను వెలుతుర్లు ఒకటొకటే వెనక్కి పోతుంటే ఆవిడ చూడను కూడా చూడలేదు.

“రేపు పొద్దున బండిని ఓడ ఎక్కించాక పైకెళ్ళి అరంచీని తిందాం,” అన్నాడు లెతేరియో. “పళ్ళు కాలాలి, లోపలి మాంసం కూర గడ్డం మీద కారాలి. అలా అయితేనే ఇంటికి చేరినట్టు. సిసిలీ వాడికి ఆ అన్నం ఉండ గొంతు దిగాకే ప్రాణం కుదుటపడుద్ది. ఏం పెద్దమ్మా?”

“నేనెప్పుడూ పైకెక్కలేదు,” అంది ఆవిడ.

“ఎప్పుడూ?”

“ఎప్పుడూ. మొదట్లో మా ఆయన ఎక్కేవాడు. తరవాత పిల్లలు. సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. నాకొకటి కిందికి తెచ్చేవాళ్ళు. చల్లారిపోయి వచ్చేది.”

ఆ బండిలో ప్రతి కుటుంబానికీ అలా ఒకరుండేవారు. రైలుని ఓడలోకి తోసేశాక అందరూ మెట్లెక్కి గాలికి పోతే, ఒకరు మాత్రం కింద ఆ చీకట్లో మూటల మధ్య కూర్చునేవారు. మా ఇంట్లో మా అమ్మ. పైకి వస్తావా అని ఆమెను ఎవరూ అడిగిన గుర్తు లేదు. ఆమె వస్తాననీ అనలేదు.

“అంటే ఇన్నేళ్ళు అటూ ఇటూ తిరిగి, మధ్యలో ఉన్న నీళ్ళే చూళ్ళేదా!” లెతేరియో పకపకా నవ్వాడు. “ఈ మాట మా మెస్సీనాలో చెప్తే నన్ను కొడతారు.”

“ఉన్నాయని తెలుసుగా. ఊగుతుంటే తెలియదా?” అంది. తరవాత దుప్పటి అంచు సరిచేసుకుంది. “ఈసారి చూద్దామని ఉంది. రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. ఇప్పుడు ఏం చూడాలనుందమ్మా అని డాక్టరు అడిగాడు. మనవళ్ళని అంటాననుకున్నాను. నోట్లోంచి ఇది వచ్చింది. మిలానులో ఇల్లు ఖాళీ చేసేశాను, మా ఊరు మినేయో పోతున్నాను, మళ్ళీ ఇటు రావడం ఉండదు. చూస్తే రేపే చూడాలి.”

“తొందరేం లేదులే, ఆ నీళ్ళ మీద వంతెన కట్టేస్తారట, దాని మీంచి చూద్దువుగాని.”

“మా తాత పుట్టకముందు నుంచీ కడుతున్నారు దాన్ని,” అంది ఆవిడ.

“మరి మిషను?” అన్నాను నేను. ఆ ప్రశ్న నేనెందుకు అడిగానో! ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

దీపం ఆర్పారు. నాకు బండిలో నిద్ర పట్టదు, సంచీ మీద చెయ్యి వేసుకుని ఒత్తిగిలతాను. ఇంత పెద్ద దేశాన్ని పడుకునే దాటెయ్యడం నాకెప్పుడూ ఒక వింతే. నడుం కింద చక్రాలు, చక్రాల కింద నదులు, కొండల కడుపులు. పైన మనిషి బోర్లా పడుకుని గురక పెడుతుంటాడు. ఎవడికీ తలొగ్గని కొండలు మాకు దారి ఇస్తున్నాయి. లోకంలో ఎవడూ నాకు దారి ఇవ్వలేదు కానీ, ఆ బండి ఎక్కితే కొండలు ఇస్తాయి.

తెల్లారేసరికి కలాబ్రియా. బండి సముద్రపు అంచునే పోతోంది, చెయ్యి చాపితే తడుస్తుందేమో అన్నంత దగ్గరగా. నీళ్ళు ఇంకా నిద్ర లేవనట్టు బూడిదరంగులో ఉన్నాయి. మేము చూస్తుండగానే ఒకచోట గులాబీరంగు పుట్టి, అది పాకి, పాకి, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియకుండా చేసేసింది. లెతేరియో కూడా నోరు మూశాడు. అగ్రిప్పినా సొరంగం వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని, దాటగానే తెరుస్తోంది. కొత్త కళ్ళను వృథా చెయ్యకూడదన్నట్టు.

“ఓయ్ అబ్బాయ్,” అంది నాతో. నాకు యాభై దాటాయి. “నీ పేరేంటి?”

“గాస్పరే.”

“నువ్వు దొంగవా?”

“కాదు.”

“దొంగవైతే చెప్తావా?”

“చెప్పను.”

“నిజమే చెప్తున్నావు,” అంది. “మీ అమ్మ ఎప్పుడైనా పైకెక్కిందా?”

“లేదు.”

“అయితే నువ్వు కూర్చో. లేవకూడదు. నీళ్ళకి కూడా లేవకూడదు. కాపలా కూర్చున్న మనిషి లేచాడంటే కాపలా లేనట్టే.”

ఒప్పుకుంటానని నేను అనలేదు. కుదరదని కూడా అనలేదు. నాకు అరంచీని ఇష్టం, పైన గాలి ఇష్టం, ఆ ఒడ్డు దగ్గరకొస్తుంటే ఎవరికీ కనిపించకుండా కళ్ళు తుడుచుకోవడం ఇష్టం. ఇవన్నీ చెప్పేలోపే ఆవిడ లేచి తలకు రుమాలు కట్టుకుంటోంది.

విల్లా రేవులో బండిని ఆపి ముక్కలు చేశారు. ఇంజను వెనకనుంచి నెమ్మదిగా తోస్తుంటే బోగీలు ఓడ నోట్లోకి పోయాయి. పట్టాలు నేల మీంచి ఓడ మీదికి అతుకు తెలియకుండా సాగిపోతాయి. వెలుతురు కిటికీ అంచున ఒక గీతై, ఆ గీత ఆరిపోయింది. మా బండిలోనే ఉన్న పలెర్మో వైపు పోయే బోగీలను తెచ్చి మా పక్క వరుసలో నిలబెట్టారు. మా కిటికీకి వాళ్ళ కిటికీ ఎదురుగా వచ్చింది. ఇనుప గొలుసులతో చక్రాలను ఓడకు కట్టేసిన చప్పుడు.

“పద పెద్దమ్మా,” అన్నాడు లెతేరియో చేతిసంచీ భుజాన వేసుకుని. “తమ్ముడూ, నీకొకటి తెమ్మంటావా? చల్లారిపోయాక?”

“తెచ్చి నీ నెత్తిన పెట్టుకో.”

నవ్వుకుంటూ పోయాడు. ఆవిడ మాత్రం గుమ్మంలో ఆగి, పెట్టె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, శిలువ గుర్తు వేసుకుని దిగింది.

బోగీ ఖాళీ అయింది. దీపాలు పోయాయి, గాలి ఆగిపోయింది. నూనె వాసన, ఉప్పు వాసన, తడి ఇనుము వాసన. బెర్తు కింది చెక్కపెట్టెకు మడమలు ఆనించుకుని కూర్చున్నాను. నన్ను నేను తిట్టుకున్నాను. ఎవరో ముసలమ్మ మిషనుకి నేను కుక్కలా కాపలా. పైన వాళ్ళు తింటూ ఉంటారు.

అప్పుడు కదిలింది.

నేను ఆ జలసంధిని ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. అయినా అది కదలడం నాకు తెలియదని ఆ క్షణాన తెలిసింది. చక్రం తిరగలేదు, పట్టా చప్పుడు లేదు, బండి మాత్రం కదులుతోంది. కట్టేసిన రైలు, నిలబడి ఉన్న రైలు, సముద్రం మీద పోతోంది. నాకు తెలియకుండానే కిందికి వంగి బోగీ నేల మీద అరచెయ్యి ఆనించాను. అది నా చేతి అలవాటు. కొత్తగా పరిచిన రాయి కుదిరిందో లేదో కన్ను చెప్పలేదు, అరచెయ్యే చెబుతుంది. నా జీవితంలో నేను ముట్టుకున్న నేలలన్నీ చచ్చిన నేలలు. అలా ఉంటేనే అవి మంచి నేలలు. ఇది బతికి ఉంది. దీని కింద ఓడ వణుకు, ఆ వణుకు కింద మరేదో, తొందరలేనిది, మా బరువంతా ఎత్తి పట్టుకుని కూడా అలసట లేనిది.

నడిమధ్యకు వచ్చామేమో, రెండు సముద్రాల నీళ్ళు కలిసేచోట ఒక్క పెద్ద ఊపు వచ్చింది. గొలుసులన్నీ బిగిశాయి. అన్ని బోగీలూ ఒక్కసారి మూలిగాయి, కొట్టంలో పశువులన్నీ ఒకేసారి నిద్రలో కదిలినట్టు. ఆ వెంటనే నిశ్శబ్దం. ఓడ ఇంజను ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం. ఆ చీకట్లో, ఆ ఇనుము మధ్య, నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. గుడిలో నేను ఎప్పుడూ అలా కూర్చోలేదు. గుళ్ళలో నేలలు కూడా పరిచాను మరి.

మా అమ్మ ఈ చప్పుడు విన్నది. ప్రతిసారీ విన్నది. మాకు చెప్పలేదు. మేము అడగలేదు.

ఓడ ఒడ్డుకు తగిలి, కుదుపు. జనం తిరిగి వస్తున్న అడుగులు, నవ్వులు, వేయించిన పిండి వాసన. పక్కగదుల తలుపులు జరిగాయి. మా తలుపు జరగలేదు. గొలుసులు విప్పారు. ఆవిడ రాలేదు. ఇంజను వచ్చి మా ముక్కను పట్టుకుని వెలుతురులోకి లాగింది. ఆవిడ రాలేదు.

మెస్సీనా ప్లాట్‌ఫారం మీద ఆగాక కిటికీలోంచి అటెండరుని కేకేశాను. “నల్లగౌను ఆవిడ! నా గదిలో ఆవిడ!”

“ఆ మెస్సీనా వాగుడుకాయ ఓడ మీంచే నడిచి దిగిపోయాడన్నా. మా ఊరి వాళ్ళంతే, సంచీ ఒక్కటే ఉంటే బండి కోసం ఆగరు. ఆవిడకి మెట్లు చూపించి పోయుంటాడు. మెట్లు రెండు వైపులా ఉంటాయి. ఎప్పుడూ తిరిగేవాళ్ళు ఏ వైపునుంచి ఎక్కారో గుర్తుపెట్టుకుంటారు.”

“ఆవిడ ఎప్పుడూ ఎక్కలేదు!”

“అయితే పలెర్మో బోగీల్లోకి దిగుంటుంది.” వేలు చాపి చూపించాడు. పట్టాల అవతల ప్లాట్‌ఫారం మీద పలెర్మో బోగీలకు ఇంజను తగిలిస్తున్నారు. “అది ముందు పోతుంది. పరిగెత్తు, సామాను నేను చూస్తాలే.”

చూస్తాడట. వాడి మొహం ఎవడికి తెలుసు? లేవకూడదని మాట ఉంది. లేవకపోతే, కొత్త కళ్ళ ముసలమ్మ పలెర్మోలో తేలుతుంది, ఆవిడ బతుకంతా నా కాళ్ళ కింద ఉంటుంది. చెక్కపెట్టెను బయటికి లాగి భుజానికెత్తుకున్నాను. రెండో చేత్తో సూటుకేసు. మోకాళ్ళు రెండూ ఒకేసారి తిట్టాయి. పట్టాల కింది సొరంగదారి మెట్లు దిగాను, మళ్ళీ మెట్లెక్కాను, రాళ్ళు మోసిన రోజుల్లో కూడా అలా ఎక్కలేదు. పలెర్మో బండి తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి.

వెతకనక్కరలేకపోయింది. అరుపులు వినిపిస్తున్నాయి. మా గది నంబరే ఉన్న గది ముందు ఒక లావుపాటాయనా ఆయన భార్యా నిలబడి ఉన్నారు. లోపల అగ్రిప్పినా నిటారుగా కూర్చుంది, రెండు కాళ్ళూ ఎవరిదో ఎర్ర సూటుకేసు మీద పెట్టుకుని.

“అమ్మా తల్లీ, అది మా పెట్టె!” అంటున్నాడాయన.

“అందరూ అలాగే అంటారు. లోపల ఏముందో చెప్పు.”

“బట్టలు!”

“బట్టలు లేని పెట్టె ఉంటుందా? ఏం బట్టలు?”

“ఇప్పుడు నా చెడ్డీల లెక్క చెప్పాలా? రొసోలీనా, నువ్వైనా చెప్పవే!”

“నీ చెడ్డీల రంగు ఈ కారిడార్లో నేను చెప్పను,” అంది భార్య.

“పెద్దమ్మా!” అని అరిచాను. “ఇది పలెర్మో బండి! మన గది కాదు!”

“తెలుసు,” అంది ఆవిడ. “కూర్చోగానే తెలిసింది, నా పెట్టె లేదుగా. లేచి పోదామనుకున్నాను. కానీ వీళ్ళ సామాను చూడు, తలుపు బార్లా తీసి వదిలేసి పోయారు. ఎవరూ లేరు. ఎలా లేస్తాను?” అప్పుడు నా భుజం మీదికి చూసింది. “దాన్నెందుకు మోసుకొచ్చావు?”

“వదిలి లేవకూడదన్నావుగా!”

ఒక్క క్షణం నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఎర్ర సూటుకేసు మీంచి కాళ్ళు తీసింది. “తీసుకోండి,” అంది ఆ లావాయనతో. “ఇంకెప్పుడూ ఇలా వదలొద్దు. లోకం మంచిది కాదు.”

మేము దిగాక గార్డు ఈల వేశాడు. ఎర్ర సూటుకేసాయన కిటికీలోంచి ఏదో అరిచాడు. తిట్టో దండమో తెలియలేదు. మా అటెండరు మా తలుపు దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, చేతులూపుతూ బండిని ఆపినంత పని చేస్తున్నాడు. ఎక్కాము. పెట్టెను తోసి కూలబడ్డాక గుర్తొచ్చింది, నా సంచీ. చలువరాయి ఉలులూ రబ్బరు సుత్తీ ఉన్న నా సంచీ. బెర్తు మీద పడేసిన చోటే పడి ఉంది. దొంగ కూడా ముట్టుకోలేదు.

బండి కతానియా దారి పట్టింది. ఒకవైపు సముద్రం, రెండోవైపు కాసేపటికి పొగ కక్కే కొండ వస్తుంది. అగ్రిప్పినా రుమాలు విప్పుకుని మడత పెట్టుకుంటోంది. నాకు ఆగలేదు.

“చూశావా?”

“చూశాను.”

“ఎలా ఉంది?”

“చిన్నది,” అంది. “ఇంత దగ్గరా! అటు ఒడ్డు, ఇటు ఒడ్డు, రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. కింద కూర్చున్నప్పుడు నేను ఎంతో పెద్దదనుకున్నాను. మొదటిసారి దాటినప్పుడు మా అమ్మ ఇంక నన్ను చూడనేమోనని ఏడ్చింది. ఈ కాసిని నీళ్ళకా!” ఆవిడ గొంతులో కోపం ఉంది. తరవాత కోపం పోయింది. “కానీ నాయనా, ఆ నీళ్ళ మీద ఒక పడవ. దాని మీద ఒక ఇనుప స్తంభం. ఎంతెత్తు అనుకున్నావ్, మినేయో గుడి గంట కంటే ఎత్తు. దాని కొసన ఒక మనిషి. కత్తిచేప కోసం చూస్తున్నాడట, ఆ వాగుడుకాయ చెప్పాడు. నాకు స్తంభం ముందు కనపడలేదు, ఎండ. మనిషే కనపడ్డాడు. ఆకాశంలో ఊరికే నిలబడి ఉన్నాడు. మొత్తం సముద్రాన్ని పైనుంచి చూస్తున్నాడు. నేను వాణ్ని చూస్తూ ఉండిపోయాను. రేవులో బంగారు మరియమ్మ తల్లి విగ్రహం వచ్చింది, దండం పెట్టడం కూడా మరిచిపోయాను. అరంచీని చేతిలోనే చల్లారిపోయింది.”

గౌను జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. చల్లటి అన్నం ఉండ. సగం విరిచి ఆవిడకిచ్చాను. తిన్నాము.

“కింద విన్నావా?” అంది నమలడం ఆపి. “నడిమధ్యలో. అన్నీ ఒక్కసారి మూలిగి, తరవాత...”

“విన్నాను.”

“ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని.”

“నేను నేల మీద చెయ్యి పెట్టి చూశాను,” అన్నాను.

ఆవిడ తల ఊపింది, అలా పెట్టకుండా ఎవరైనా ఎలా ఉంటారన్నట్టు. కొండ కనిపించింది. కొసన తెల్లటి పొగ. మేమిద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాము, ఆవిడ కళ్ళతో కొంతసేపు, నా కళ్ళతో కొంతసేపు.

కతానియాలో ఆవిడ మేనల్లుడు వచ్చి మిషను దించుకున్నాడు. ప్లాట్‌ఫారం మీంచి ఆవిడ కిటికీ తట్టింది. అద్దం దించాను.

“వచ్చే వేసవికి మళ్ళీ దాటుతాను,” అంది.

“మిలానులో ఇల్లు ఖాళీ చేశానన్నావుగా. ఎక్కడికి పోతావు?”

“ఎక్కడికీ పోను. ఆ ఒడ్డుకి పోయి, అక్కణ్నుంచే తిరిగొస్తాను. పోయేటప్పుడు పైన, వచ్చేటప్పుడు కింద,” అంది. “సామాను లేకుండా.”

బండి కదిలింది. అవొలా ఇంకా దూరం. సంచీ పట్టీ మణికట్టుకు చుట్టుకోబోయి, వదిలేసి, వంగి బోగీ నేల మీద చెయ్యి పెట్టాను.